మొటిమల గుంటలు, ముఖంపై ఎరుపు

మొటిమ మానిన పిదప ముఖముపై మిగులు ఎరుపు సాధారణముగా కొన్ని మాసములలో తనంతట తానే తగ్గును. ఆ ఓపిక లేక మన నరసరావుపేటలో బెటామెథసోన్ వంటి స్టిరాయిడ్ గల ట్యూబును డాక్టరు చీటీ లేకుండ కొని పూసికొను విద్యార్థులను మేమెరుగుదుము. అది తొలుత ముఖమును తెల్లబరచును. నెలల తరబడి వాడినచో చర్మము పలుచనై సన్నని రక్తనాళములు పైకి తేలును. మానివేసిననాడు మంట, ఎరుపు ఇనుమడించును. ఇట్టి 14 రకముల లేపనములను చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము ఉత్తర్వు చేసినది. ఆ ఉత్తర్వు మందుల దుకాణము మెట్లెక్కవలదా?

లోతైన గుంటల సంగతి వేరు. చెడినది చర్మము లోపలి పొర గనుక పైపూతతో అవి పూడవు. గుంటను క్రిందికి లాగిపట్టిన పోగులను సూదితో తెంచుట, సన్నని గుంటలో గాఢమైన ఆమ్లమును చుక్కగా తాకించుట, సూక్ష్మసూదులు, లేజరు: ఇవి చర్మవైద్యుడు పలు విడతలుగ చేయవలసినవి. మెరుగు కనిపించును గాని చర్మము మునుపటివలె కాదు. చామనఛాయ వారికి లేజరు పిదప నల్లమచ్చలు పడు ప్రమాదము కలదు. పల్నాటి ఎండలో మరింత జాగ్రత్త వలయును.

క్రొత్త మొటిమలు ఆగనిదే గుంటల చికిత్స తగదు. గుంటూరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగము కలదు. ట్యూబు కొనుటకు ముందే అచ్చటికి వెళ్ళుడని మా మనవి.