ఆరో ఏట వచ్చే దవడపన్నును కాపాడండి!

పుచ్చిన దవడపన్నుతో తొమ్మిదేళ్ల పిల్ల డాక్టరు ముందు కూర్చుంటుంది. "పాలపన్నే కదండీ, పీకెయ్యండి, మళ్లీ వస్తుందిగా" అంటుంది తల్లి. మళ్లీ రాదు. అది శాశ్వత దంతం. ఆ మాట మూడేళ్ల కిందటే చెప్పాల్సినవాళ్లు నోరు విప్పలేదు.

తప్పు తల్లిది కాదు. ముందుపన్ను ఊగి, ఊడి, కొత్తది వస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఈ దవడపన్ను మాత్రం దేన్నీ ఊడగొట్టదు. ఆరేళ్లప్పుడు చివరి పాలపన్ను వెనకాల చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. పైన రెండు, కింద రెండు. నెలల తరబడి పక్కపన్ను కంటే పొట్టిగానే ఉంటుంది కాబట్టి బ్రష్ సరిగా తగలదు. దాని మీది గాడులు బ్రష్ పోచ కన్నా సన్నం. వాటిలో బిస్కెట్ పిండి ఇరుక్కుంటే ఏ తల్లి తియ్యగలదు?

పాలపళ్లు రాలే ఆ ఆరేళ్లూ పందిరి గుంజల్లా రెండు దవడల పొందికను నిలబెట్టేవి ఈ నాలుగే. దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పళ్ల పొందికను మూడు తరగతులు చేసినప్పుడు కొలతగా పెట్టుకున్నదీ వీటినే. ఒకటి పీకేస్తే పన్నెండో ఏట వచ్చే పన్ను ముందుకు ఒరుగుతుంది, ఎదుటి పన్ను ఖాళీలోకి సాగుతుంది. పాల దవడపన్నును ముందే పీకినా ముప్పే. ఆరో ఏటి పన్ను ముందుకు జరిగి, రావాల్సిన పన్ను దారి మూసేస్తుంది. అది వంకరగా మొలుస్తుంది, లేదా ఎముకలోనే చిక్కుకుంటుంది. తర్వాత క్లిప్పులకు వేలకు వేలు! కూలి చేసుకునే ఇంట అవి ఎక్కడి నుంచి వస్తాయి?

మందు లేక కాదు ఈ దుస్థితి. పింగాణీ పొరకు రెసిన్‌ను అతికించే పద్ధతిని దంతవైద్యుడు మైకేల్ బ్యూనోకోర్ 1955లోనే చూపించాడు. ఆ దారిలో వచ్చిన సీలెంట్ గాడులను కప్పేస్తుంది. సూది లేదు, డ్రిల్లు లేదు, నిమిషాల పని. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పళ్ల పరీక్ష ఉంది. పుచ్చాక పుచ్చిందని రాసుకుపోయే పరీక్ష ఎందుకు? డబ్బు లేదనేవాళ్లు పిల్లల నోళ్లలోకి ఒక్కసారి తొంగిచూడాలి.

ఒకటో తరగతిలో చేరిన ప్రతి బిడ్డకూ ఈ నాలుగు పళ్లూ వచ్చాయేమో ఆరునెలలకోసారి చూడాలి. వచ్చినవాటికి బడిలోనే ఉచితంగా సీలెంట్ వెయ్యాలి. పాల దవడపన్ను పీకక తప్పకపోతే ఆ ఖాళీని కాపాడే తీగను అవసరమైన ప్రతి బిడ్డకూ ప్రభుత్వాసుపత్రే అమర్చాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేసరికి ఉత్తర్వు రావాలి.