దగ్గరి దారి, త్వరిత గమనం

2016 శీతకాలపు మాట. మా డ్రాయింగ్ విభాగపు సహోద్యోగి ఒకరు సతీసమేతంగా శాన్ ఫ్రాన్సిస్కోకు ప్రయాణమయ్యారు. అక్కడ వారి కుమార్తెకు నెలలు నిండాయి. వీసా ఆలస్యం కావడంతో వైద్యులు చెప్పిన తేదీకి మూడు రోజులే వ్యవధి మిగిలింది. ఆయన ఒక గ్లోబు, దారపు ఉండ పట్టుకొని మా బల్ల వద్దకు వచ్చారు.

దారం ఒక కొస ఢిల్లీ మీద, రెండవది శాన్ ఫ్రాన్సిస్కో మీద ఉంచి బిగించగా, అది హిమాలయాలను దాటి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, అలాస్కా వైపు దిగింది. నిడివి సుమారు 12,400 కిలోమీటర్లు. విమానం వెళ్ళేదేమో పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు. "ఇంత చుట్టు తిప్పితే పురిటివేళకు అందుకుంటామా అండీ?" అన్నారు.

ఆయన భాగహారంలో దోషం లేదు. దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించారు. అయితే అది గాలిలో విమానపు వేగమే కాని, నేలతో పోల్చిన వేగం కాదు. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున, మధ్య అక్షాంశాలలో, పడమర నుండి తూర్పునకు జెట్ స్ట్రీమ్ అనే ప్రచండ వాయుప్రవాహం సాగుతుంది. శీతకాలంలో అది గంటకు 200 కిలోమీటర్లను మించడం సాధారణమే.

అప్పటికి ప్రభుత్వ రంగ సంస్థగా ఉన్న ఎయిర్ ఇండియా, 2015 డిసెంబరులో ఈ సర్వీసును ప్రారంభించినప్పుడు పడమరగా, అట్లాంటిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 13,900 కిలోమీటర్లే, కాని ఎదురుగాలి. 2016 అక్టోబరులో తూర్పుగా పసిఫిక్ మీదుగా నడుపగా, దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా ప్రయాణం సుమారు 14½ గంటలలో ముగిసింది. దాదాపు రెండు గంటలు కలిసివచ్చాయి. భాగించి చూడండి, గంటకు 1,055 కిలోమీటర్లు! 900కు పైబడినదంతా గాలి చలవే.

మరి దారం చూపిన దారి మాటేమిటి? క్యాబిన్‌లో వాయుపీడనం పడిపోతే విమానం తక్షణం సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగవలసి ఉంటుంది. హిమాలయ, టిబెట్ ప్రాంతాలలో నేలే అంతకంటె ఎత్తు. కనుక ఆ దారి గ్లోబు మీద ఉన్నంత సుగమం కాదు.

విధి నిర్వహణలో మేమూ ఎన్నోమార్లు దారం లెక్కలే వేశాము. పొరుగూరి నుండి రావలసిన బేరింగు కోసం మూడు వారాలు ఎదురుచూసిన తరువాత, దూరపు ఊరి నుండి అదే వస్తువు ఆరు రోజులలో చేరిన సందర్భం మా షట్‌డౌన్ రిజిస్టరులో ఉంది. దూరాన్ని కొలిచాము గాని, దారిలోని ఎదురుగాలిని కొలవలేదు. ఆ లోపం మాదే.

ఆ దంపతులు వేళకే చేరారు. మరునాటి తెల్లవారుజామున మనుమరాలు పుట్టింది. దారపు ఉండ మాత్రం నేటికీ మా సొరుగులోనే ఉంది.