మేడిచెట్టుకు కోలారులో చోటివ్వండి

మా నాన్న చాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. 2001లో గనులు మూతపడ్డాక మా కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చెప్పుకోవడానికి మిగిలినవి సైనైడ్ దిబ్బలూ ముళ్లతుప్పలూ. అడవి ఎలా బతుకుతుందో నేను నేర్చుకున్నది పడమటి కనుమల్లోని ఆగుంబెలో. మారికుప్పం రైల్లో బెంగళూరు, అక్కణ్నించి రాత్రి బస్సు. సెలవు దొరికితే ఇప్పటికీ అదే దారి.

కోలారులో ఏడాదికి సగటున సుమారు 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆగుంబెలో 7,000 దాటుతుంది. అంత వాన పడేచోట నేల మహా సారవంతంగా ఉంటుందనుకుంటాం. నిజానికి ఆ వానే సారాన్ని కడుక్కుపోతుంది. అక్కడి అడవి ఆస్తి ఎక్కువగా చెట్లలోనే ఉంది. రాలిన ఆకును చెదలూ శిలీంధ్రాలూ తొందరగా కుళ్లబెడతాయి. పైపైనే అల్లుకున్న వేర్లు ఆ సారాన్ని తిరిగి పీల్చుకుంటాయి. అందుకే చెట్లు కొట్టేస్తే మిగిలేది బీద నేల.

అక్కడ నా మనసు దోచుకున్నవి మర్రి, మేడి జాతి చెట్లు. వాటి లెక్క తెలియాలంటే మాత్రం ఆగుంబె దాకా పోనక్కర్లేదు. బేతమంగళ వైపు పాలారు ఒడ్డున మేడికాయ కోసి చీల్చి చూడండి. మేడిపండును మనం మోసానికి గుర్తుగా చెప్పుకుంటూ వచ్చాం. కానీ లోపలి పురుగులు లేకపోతే ఆ చెట్టుకు విత్తనమే లేదు. అవి రెండు మిల్లీమీటర్ల కందిరీగలు. ఆడది కాయ కొసనున్న సన్న కంతలోంచి దూరుతుంది, ఆ దూరడంలోనే రెక్కలు ఊడిపోతాయి. లోపలున్న పూలకు పుప్పొడి అంటించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది. పుట్టే మగవాటికి రెక్కలుండవు. ఆడవాటితో కలిసి, అవి బయటపడేందుకు గోడకు కన్నం తొలిచి చస్తాయి. పుప్పొడితో ఎగిరిన ఆడవాటికి బతుకు ఒకటి రెండు రోజులే. ఆలోగా కాయ లేతగా ఉన్న మరో మేడి దొరకాలి. కాబట్టి ఏ నెలలోనైనా ఎక్కడో ఒక మేడి కాస్తూనే ఉండాలి. వేరే పండ్లు లేని రోజుల్లో ఆగుంబెలో హార్న్‌బిల్ పక్షులు, మా ఊళ్లో కోయిలలు, గబ్బిలాలు బతికేది ఈ పళ్లమీదే.

మరి కోలారులో మనం నాటిందేమిటి? నీలగిరి. టిప్పు కాలంలో నంది కొండ మీదికి వచ్చిన చెట్టును సామాజిక అడవుల పేరుతో పొలాలకూ బీళ్లకూ ఎక్కించాం. ఆ తోపులో పిట్టకు పండు లేదు, కింద గడ్డి కూడా సరిగా మొలవదు. దాన్ని అడవి అని నేనెప్పటికీ ఒప్పుకోను. కొత్తగా నీలగిరి నాటడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లో నిషేధించడం మంచి పని. కానీ పీకిన చోట ఏం పెట్టాలన్నది ఎవరూ గట్టిగా అడగడం లేదు.

2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీళ్లు మన చెరువుల్లోకి వస్తున్నాయి. మేడికి కావలసింది తడి నేలే. కట్ట మీద వద్దు, వేర్లు కట్టను చీలుస్తాయి. చెరువు పై ఒడ్డున, వాగు గట్లమీద మేడి, నేరేడు, కానుగ కలిపి నాటాలి. ఒంటరి మేడికి కందిరీగ దొరకడం కష్టం కాబట్టి ప్రతి చెరువుకూ కొన్ని ఉండాలి. అటవీ శాఖ నర్సరీలు ఈ వానాకాలానికే ఆ మొక్కలు సిద్ధం చేయాలి, పంచాయతీలు అడిగి తెచ్చుకోవాలి.