గుండ్రంగా లేని పళ్ళచక్రం

ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి దగ్గరనుంచి ఆ మధ్య నాకు ఒక ఉత్తరం వచ్చింది. నాలుగు నెలలు నాన్న వెంటపడి అతను ఒక "కొండ సైకిలు" కొనిపించుకున్నాడట. లావుపాటి టైర్లు, గేర్లు, సీటు కింద ఒక పెద్ద స్ప్రింగు! షాపువాడు ఆ స్ప్రింగును చూపించి, "దీనిమీద గుట్ట ఎక్కుతున్నట్టే తెలియదు," అన్నాడట. తీరా చూస్తే, ఊరి చెరువుకట్ట ఎక్కేటప్పుడు నాన్న పాత సైకిలు కన్న ఇదే బరువుగా ఉన్నది. "మాస్టారూ, లోపం నా కాళ్ళలోనే ఉన్నదా? నాన్నకు చెప్పాలంటే భయంగా ఉన్నది. ఎరువులకని దాచిన డబ్బు పెట్టి కొన్నాడు," అని రాశాడు.

ఆ అబ్బాయికి నేను ఒక పళ్ళచక్రం కథ రాసి పంపాను. అదే మీకూ చెబుతాను.

కొండ సైకిలుకు పుట్టినిల్లు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీ. అక్కడి కుర్రాళ్ళు కొందరు 1930లనాటి, 40లనాటి పాత బండ సైకిళ్ళను సంపాదించి, వాటిని కొండమీదికి చేర్చి, మట్టి బాటల వెంట కిందికి దూసుకువచ్చేవారు. 1976లో పందాలు కూడా మొదలుపెట్టారు. రెండు మైళ్ళ దారిలో సుమారు 1300 అడుగులు దిగాలి! ఆ పాత సైకిళ్ళకు పెడలును వెనక్కి తొక్కితే ఇరుసులోపలే పట్టుకునే బ్రేకు ఉండేది. ఊరి వీధుల్లో అది చక్కగా పనిచేసేదే. కాని కొండ దిగేసరికి ఇరుసు కాగిపోయి, అందులోని గ్రీజు పొగై పోయేది. ఇరుసు విప్పి మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది. అందుకే ఆ బాటకు "రీప్యాక్" అని పేరు వచ్చింది. మళ్ళీ కూరడం అన్నమాట.

ఈ సరదా కొద్ది ఏళ్ళలోనే పెద్ద వ్యాపారమయింది. 1981లో స్పెషలైజ్డ్ అనే కంపెనీ "స్టంప్‌జంపర్" అనే కొండ సైకిలును పెద్ద ఎత్తున అమ్మడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు జపానులోని షిమానో కంపెనీ కొండ సైకిళ్ళకోసమే తయారుచేసిన గేర్లూ బ్రేకులూ తెచ్చింది. ఆ వెనకనే వచ్చింది మన కథానాయకుడు. దానిపేరు "బయోపేస్". అది పెడళ్ళ దగ్గర ఉండే పళ్ళచక్రమే, కాని గుండ్రంగా ఉండదు. కాస్త కోలగా, ఎవరో రెండువైపులా అదిమినట్టు ఉంటుంది.

చక్రాన్ని కోలగా చేయడమేమిటి, మతి పోయిందా అనుకుంటున్నారా? ముందు ఒక పని చేయండి. మీ సైకిలును నాన్ననో అన్ననో గట్టిగా పట్టుకోమనండి. ఒక పెడలును సరిగ్గా ముందుకు తెచ్చి, చేత్తో కిందికి నొక్కండి. సైకిలు ముందుకు పోవాలని గింజుకుంటుంది. ఇప్పుడు పెడలును తిన్నగా పైకి పెట్టి, మళ్ళీ కిందికే నొక్కండి. ఎంత బలంగా నొక్కినా సైకిలు కదలదు. దీన్ని నిర్జీవ స్థానం అందాం. పెడలు ఒక చుట్టు తిరిగేలోపల ఇలాంటివి రెండు వస్తాయి. ఒకటి పైన, ఒకటి కింద.

పెద్ద పళ్ళచక్రం వేస్తే ఒక్క తొక్కుడుకు సైకిలు ఎక్కువ దూరం పోతుంది, కాని బరువుగా ఉంటుంది. చిన్నదైతే తేలిక, దూరం తక్కువ. కోల చక్రం ఒకే చుట్టులో కాసేపు పెద్దదిగానూ, కాసేపు చిన్నదిగానూ ఉంటుంది. 19వ శతాబ్దం చివరలోనే ఇలాంటివి చేసి చూశారు. కాలికి బలం ఉన్నచోట పెద్దది రావాలి, నిర్జీవ స్థానంలో చిన్నది రావాలి అన్నది సామాన్యంగా అందరికీ తోచే ఉపాయం. మీకూ అదే తోచి ఉంటుంది.

షిమానో ఇంజనీర్లు సరిగ్గా దీనికి ఎదురు చేశారు! కాలు కూడా ఒక బరువే గదా అన్నారు. రోకలిని చూడండి. అది దిగేటప్పుడు వేగం పుంజుకుంటుంది, ఆ ఊపే వడ్లను దంచుతుంది. అలాగే కాలు బలంగా నొక్కే సమయంలో చక్రాన్ని చిన్నది చేస్తే కాలు చురుకుగా కదిలి ఊపు తెచ్చుకుంటుంది. నిర్జీవ స్థానంలో చక్రం పెద్దదై ఆ ఊపును అందుకుంటుంది. మోకాలికి శ్రమ తగ్గుతుంది. వాళ్ళు దీన్ని ఊరికే ఊహించలేదు. కాళ్ళ కదలికలను కొలిచారు, కంప్యూటర్లతో లెక్కలు కట్టారు. ఇంకేం, ప్రకటనలు హోరెత్తాయి. 1980లలో కొత్త కొండ సైకిళ్ళకు ఎన్నింటికో ఈ చక్రమే వచ్చింది. కొనేవాడు అడిగినా అడగకపోయినా వచ్చింది.

తరువాత ఏమయింది? నింపాదిగా తొక్కేవాళ్ళకు అది బాగానే ఉన్నది. దాన్ని మెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చిక్కంతా చకచకా తొక్కేవాళ్ళతో వచ్చింది. మీరే లెక్క కట్టండి. చుట్టుకు రెండుసార్లు కాలు వేగం పెంచాలి, రెండుసార్లు తగ్గించాలి. నిమిషానికి 90 చుట్లు తొక్కేవాడి కాళ్ళు 180 సార్లు ఉరకాలి, 180 సార్లు ఆగబోవాలి! గుండ్రని చక్రానికి అలవాటుపడ్డవాళ్ళు సీటుమీద ఎగిరెగిరి పడ్డారు. మోకాలి శ్రమ తగ్గిస్తామన్న చక్రం గురించి, మోకాళ్ళు నొప్పులని కొందరు ఫిర్యాదు చేశారు. పైగా, గొలుసును ఒక చక్రం మీదినుంచి ఇంకొకదాని మీదికి నెట్టే మీట ఒకటి ఉంటుంది. దాన్ని కోల చక్రంలో ఎత్తయిన పంటికి తగలకుండా పెట్టాలి. అప్పుడు పల్లపు పళ్ళ దగ్గర మీట దూరమైపోయి, గేరు తేలిగ్గా మారదు. కంపెనీవారు కోలదనం కాస్త తగ్గించి చూశారు. చివరకు 1990ల మొదట్లో మళ్ళీ గుండ్రని చక్రాలకే వచ్చేశారు.

కొండ సైకిళ్ళ చరిత్రలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 1980లలోనే కొంతకాలం వెనక బ్రేకును పెడళ్ళ వెనక, నేలకు దగ్గరగా ఉండే గొట్టాల కింద బిగించారు. బ్రేకు గట్టిగానే పట్టేది. కాని చక్రం చిమ్మిన బురద తిన్నగా పోయి అందులోనే చేరేది! వర్షాకాలం ఒక్కరోజు తొక్కి చూస్తే తెలిసిపోయే సంగతి ఇది. తరువాత ముందు ఫోర్కులలో రబ్బరువంటి దిండ్లు పెట్టారు. అవి చలికి బిగుసుకుపోయేవి.

అలాగని కోల చక్రం పని అయిపోయిందనుకోకండి. 2012లో ఇంగ్లీషువాడు బ్రాడ్లీ విగిన్స్ ఫ్రాన్సు దేశపు మహా సైకిలు పందెం గెలిచాడు. అతని సైకిలుకు ఉన్నది కోల చక్రమే. అయితే అది బయోపేస్ కాదు. బలం ఉన్నచోట పెద్దది, నిర్జీవ స్థానంలో చిన్నది! విగిన్స్ గెలుపులో దాని వంతు ఎంత అంటే అది వేరే లెక్క. అటువంటి కాళ్ళకు ఏ చక్రమైనా తిరుగుతుంది.

ఇక మన అబ్బాయి స్ప్రింగు సంగతి. గుట్ట ఎక్కేటప్పుడు మనం ఒళ్ళంతా ఊగుతూ తొక్కుతాం. నొక్కిన ప్రతిసారీ ఆ బలంలో కొంత గొలుసుకు పోకుండా స్ప్రింగును ముడవడానికి పోతుంది. స్ప్రింగు విచ్చుకున్నప్పుడు ఆ బలం తిరిగి వస్తుంది గాని, మనిషిని పైకి ఎగరవేస్తుంది, చక్రాన్ని తిప్పదు. ఇసుకలో నడిచినట్టు ఉంటుంది. ఖరీదైన సైకిళ్ళలో ఈ ఊగుడును అణచడానికి స్ప్రింగుతోబాటు నూనెగొట్టం ఉంటుంది. చౌకరకాల్లో చాలావాటికి వట్టి స్ప్రింగే, దాని బరువు అదనం.

"నా మాట కూడా నమ్మకు, కొలిచి చూడు," అని అతనికి రాశాను. ఒకే కట్ట, ఒకే మనిషి, రెండు సైకిళ్ళకూ టైర్లలో గాలి నిండుగా ఉండాలి. ఒకసారి ఇది, ఒకసారి అది, మార్చి మార్చి ఎక్కాలి. ఒకదాన్నే వరసగా ఎక్కితే అలసట అంతా రెండోదాని మీద పడుతుంది. మధ్యలో కాసేపు కూచోవాలి. ఒక్కొక్కదానికి మూడేసిసార్లు చాలు.

పది రోజులకు జవాబు వచ్చింది. మూడుసార్లూ నాన్న పాత సైకిలే ముందు. సగటున 11 సెకండ్ల తేడా. ఆ కాగితం రెండు రోజులు పుస్తకంలో దాచి, మూడో రోజు నాన్న చేతికి ఇచ్చాడట. నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం తనే కొత్త సైకిలు ఎక్కి, కట్టమీదికి తొక్కి, దిగి వచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "నేనూ ఆ స్ప్రింగును చూసే డబ్బు ఇచ్చాన్రా," అన్నాడట.

ఇప్పుడు అబ్బాయి బడికి పాత సైకిలు మీద పోతున్నాడు. పొలానికి పోయే గతుకుల బాటలో మాత్రం కొత్తది హాయిగా ఉన్నదని నాన్న దాన్ని వదలడం లేదట.