పునాదినాడే చూడాలి

పెళ్లి బట్టలు కొనాలన్నా, బంగారం చేయించాలన్నా, ఇంజను విడిభాగాలు తెచ్చుకోవాలన్నా ఈ ప్రాంత గ్రామాలవారికి ఏలూరు, తాడేపల్లిగూడెం బజార్లే దిక్కు. బజారుకు వచ్చిన రైతుకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ధర ఎంత అన్నది కాదు, బండి ఎక్కడ పెట్టాలి అన్నది. మూడు నాలుగు అంతస్తుల దుకాణ భవనాలు రోడ్డును ఆనుకొని లేచి ఉంటాయి. వాటి కింద సెల్లారు ఉంటుంది. కాని అందులో వాహనాలకు బదులు సరుకు బస్తాలో, జిరాక్సు కొట్టో, టిఫిను హోటలో కనిపించడం పట్టణాలలో పరిపాటి అయింది. వాహనాలు రోడ్డు మీద నిలుస్తాయి. బస్సు ఆగుతుంది, అంబులెన్సూ ఆగుతుంది. తప్పు ట్రాఫిక్ పోలీసుదనో, అడ్డంగా బండి పెట్టిన పల్లెటూరివాడిదనో అందరూ అనుకొంటారు. నిజానికి ఆ తప్పు భవనం కట్టిన నాడే జరిగిపోయింది.

వాణిజ్య భవనం ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి అన్నదానికి నిబంధనలు లేక కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి 1920 పట్టణ ప్రణాళికా చట్టం మొదలు, 2017 మార్చిలో ప్రభుత్వం 119వ నంబరు జీవోగా జారీ చేసిన భవన నిర్మాణ నిబంధనల వరకు చాలా ఉన్నాయి. ఆ తరువాత సవరణలు జరిగాయి గాని మూలసూత్రాలు అవే. మాస్టర్ ప్లానులో వ్యాపారానికి అనుమతి ఉన్న చోటనే దుకాణ సముదాయం రావాలి. రోడ్డు విస్తరణకు పోయే భాగాన్ని ముందే వదలాలి. అక్కడి నుంచి ముందు కొంత, పక్కల కొంత, వెనుక కొంత ఖాళీ ఉంచాలి. స్థలమూ భవనం ఎత్తూ పెరిగినకొద్దీ ఆ ఖాళీ పెరగాలి. కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతమని లెక్కకట్టి వాహనాలకు చోటు చూపాలి. సెల్లారు కడితే అది పార్కింగుకే ఉండాలి.

ఇవన్నీ కాగితం మీద గీతలుగా కనిపించవచ్చు. అయితే ప్రతి గీత వెనుక ఒక ప్రాణభయం ఉంది. భవనం చుట్టూ వదిలే ఖాళీ గాలికి, వెలుతురుకే కాదు, నిప్పు అంటుకొన్న రోజున అగ్నిమాపక సిబ్బంది చుట్టూ తిరగడానికి, నిచ్చెన వేయడానికి. 2020 ఆగస్టులో విజయవాడలో కోవిడ్ రోగులను ఉంచిన ఒక హోటలులో మంటలు చెలరేగి పదిమంది దాకా చనిపోయారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి నడుస్తున్న భవనంలో నిప్పు పుట్టి ఎనిమిది మంది మరణించారు. కింద పుట్టిన పొగ మెట్లదారి పట్టుకొని పైకి పాకితే, పై అంతస్తులోని మనిషికి దిగే దారి ఉండదు. కిందిభాగాన్ని సరుకుతో నింపడం ఎంత ప్రమాదమో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం 15 మీటర్లు, ఆపై ఎత్తుగల వాణిజ్య భవనాలకు నిరభ్యంతర పత్రం ఉండాలని చెప్పింది. జనం గుమికూడే సినిమా హాళ్లకు, కల్యాణ మండపాలకు, పాఠశాలలకు అంత ఎత్తు లేకపోయినా ఆ పత్రం అవసరమన్నది.

మెట్ల మాట కూడా చెప్పుకోవాలి. దుకాణం అరుగు నాలుగడుగుల ఎత్తున ఉంటే మోకాళ్ల నొప్పుల ముసలమ్మ, చక్రాల కుర్చీలో వచ్చిన వికలాంగుడు రోడ్డు మీదనే నిలబడిపోవలసి వస్తుంది. అందుకే జాతీయ భవన నిర్మాణ నియమావళి ర్యాంపు కట్టమంటుంది. అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలంటుంది. నిటారుగా పోసిన సిమెంటు జారుడుబల్ల ర్యాంపు కాదు.

డెల్టా ప్రాంతానికి వీటన్నింటికంటె పెద్ద ప్రశ్న నీరు. ఇక్కడి నేల పల్లం. తమ్మిలేరు ఏలూరును రెండు పాయలతో చుట్టి కొల్లేరులో కలుస్తుంది. 2020 అక్టోబరులో అది పొంగి నగరంలోని లోతట్టు కాలనీలను ముంచింది. తాడేపల్లిగూడెం దిక్కున ఎర్రకాలువ పొంగితే నందమూరు అక్విడక్టు పరిసరాల చేలు చెరువులవుతాయి. ఆ నీరు యనమదుర్రు డ్రెయిను పట్టుకొని వెళ్లాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరకు కొల్లేటికే చేరింది, లంక గ్రామాల రోడ్లు మునిగాయి. కొల్లేటి నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. ఇటువంటి నేలలో రోడ్డు పక్కన ఒక షోరూము, ఒక పెట్రోలు బంకు, ఒక కల్యాణ మండపం కోసం స్థలాన్ని నాలుగడుగులు మెరక చేసి, ముందున్న బోదెను పూడ్చి, కల్వర్టు తూముకు మట్టి అడ్డం వేస్తే ఏమవుతుంది? భవనానికి చుక్క నీరు రాదు. వెనుకనున్న వరిచేను మాత్రం వారం రోజులు నీటిలో ఉంటుంది. షోరూము యజమాని లాభంలో ఆ రైతుకు వాటా లేదు, నష్టం మాత్రం అంతా అతనిదే.

అందువల్ల ఈ నిబంధనలు పట్టణాలకే సంబంధించినవని గ్రామాలవారు అనుకోవడం పొరపాటు. గ్రామ పంచాయతీలలో లేఅవుట్లకు, భవనాలకు 2002లోనే ప్రత్యేక నియమాలు వచ్చాయి. ఏలూరు కేంద్రంగా 2019లో పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక దాని పరిధిలోని పల్లెలు కూడా ప్రణాళిక కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఏలూరు వేరు జిల్లా అయి, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. జిల్లాలు రెండయినా జాతీయ రహదారి ఒక్కటే, దాని వెంట లేచే కట్టడాలూ ఒకే తీరు. పట్టణంలో స్థలం చాలని వ్యాపారం రహదారి పక్క పంచాయతీలకు జరుగుతున్నది. నేడు పట్టణాల సెల్లార్లలో కనిపించే జబ్బు రేపు రహదారి పక్క ఊళ్లకు పాకకుండా చూసుకోవలసింది ఆ పంచాయతీలే.

నిబంధన ఉన్నా ఫలితం లేకపోవడానికి కారణం అది అమలయ్యే వేళ. పునాది తవ్వేటప్పుడు ఎవరూ రారు. పిల్లర్లు లేచేటప్పుడు రారు. అద్దాలు బిగించి, రంగులు వేసి, ప్రారంభోత్సవం అయ్యాక నోటీసు వస్తుంది. ఆ నోటీసు మీద కోర్టులో స్టే వస్తుంది. ఇంతలో క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. 2007 చివర ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో ఒకసారి రుసుము కట్టించుకొని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే అవకాశం ప్రభుత్వం ఇచ్చింది. చెరువు గర్భాలు, ప్రభుత్వ స్థలాలు వంటి వాటిని మినహాయించారన్నది నిజమే. అయినా ప్లాను ప్రకారం పదడుగులు వదిలి కట్టిన వర్తకుడికి ఈ పథకాలు ఏమి చెప్పాయి? వదలకపోయినా గడిచిపోయేదని చెప్పాయి. చట్టానికి లోబడినవాడు వెర్రివాడయ్యాడు.

ఈ ఆలస్యానికి చెల్లించవలసిన ధర ఎంతో కొల్లేటి ప్రాంతం చూసింది. 1970వ దశకంలో సహకార సంఘాల పేర చేపల చెరువులను ప్రోత్సహించింది ప్రభుత్వమే. ఏళ్ల తరబడి గట్లు లేస్తుంటే చూసీ చూడనట్లు ఊరకున్నదీ ప్రభుత్వ యంత్రాంగమే. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. గట్లు మాత్రం ఆగలేదు. చివరకు 2006లో సుప్రీంకోర్టు సాధికార కమిటీ ఆదేశాల మీద యంత్రాలతో, పేలుడు పదార్థాలతో వాటిని తెగగొట్టారు. అప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నది లీజుకు అప్పు తెచ్చిన చిన్న రైతు, చెరువు మీద కూలి దొరికిన కుటుంబం. ఆ తరువాత కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచాయి, వివాదం మళ్లీ సుప్రీంకోర్టుకు ఎక్కింది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇంతకంటె బాగా రుజువైన చోటు మరొకటి ఉండదు. మొదటి గట్టునాడే ఆపి ఉంటే పేలుడు పదార్థాల అవసరం ఉండేది కాదు. మొదటి పిల్లరునాడే ఆపితే పొక్లెయినుతో పని ఉండదు.

వర్తకుల మాటలోనూ న్యాయం ఉంది. పాత బజార్లలో స్థలాలు ఇరుకైనవి, తాతలనాటి పంపకాలలో చీలికలైనవి. నాలుగు పక్కలా ఖాళీ వదిలితే మిగిలేది గోడలే. అనుమతి కోసం తిరిగే రోజులు, అయ్యే ఖర్చు కూడా తక్కువ కావు. అక్రమంగా కట్టడమే సులువని తోచేటట్లు సక్రమమైన దారిని కష్టం చేయడం పాలకుల తప్పు. ఇరుకు బజార్లకు పెద్ద మాల్ కొలతలు పెట్టకుండా, నలుగురు యజమానులు కలిసి కట్టుకొంటే సౌకర్యం చూపడం, బజారు అంచున నగరపాలక సంస్థ, పురపాలక సంఘం ఉమ్మడి పార్కింగు స్థలం ఏర్పాటు చేయడం అవసరం. అయితే స్థలం ఇరుకన్న వాదం రహదారి పక్క ఎకరాల్లో కట్టేవారికి చెల్లదు. నిప్పు విషయంలో, నీటిదారి విషయంలో ఎవరికీ చెల్లదు.

కొత్త చట్టాలు అక్కరలేదు, ఉన్న ఆయుధాలు చాలు. 2017 నిబంధనలలో కట్టే విస్తీర్ణంలో పదోవంతును అనుమతి ఇచ్చిన సంస్థకు హామీగా ఉంచే ఏర్పాటు పెట్టారు. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ పొందాకనే ఆ భాగం విడుదల కావాలి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. మంజూరైన ప్లానును కట్టడం పూర్తయ్యేదాకా ఆ స్థలంలో కనిపించేటట్లు పెట్టాలన్నది. అధికారులు మధ్యమధ్య తనిఖీ చేసి రికార్డు ఉంచాలన్నది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకనే కరెంటు, నీరు ఇవ్వాలన్నది. అక్రమ భవనంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వరాదని, తప్పుగా సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి మీద కూడా చర్య ఉండాలని ఆదేశించింది. అంతకు నెల ముందే, కూల్చేముందు కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని కూడా అదే న్యాయస్థానం చెప్పింది. కట్టేటప్పుడు కళ్లు మూసుకొని కూల్చేటప్పుడు ఉరుకులాడరాదన్నదే ఈ రెండింటి సారం.

కాబట్టి పట్టణ ప్రణాళికా విభాగం ప్రతి వాణిజ్య భవనాన్ని పునాది గీత వేసిన రోజున ఒకసారి, సెల్లారు పైకప్పు పోసే ముందు ఒకసారి కొలిచి సంతకం చేయాలి. పంచాయతీలు రహదారి పక్క స్థలం మెరక చేయడానికి ఒప్పుకొనే ముందు బోదె, మురుగు కాల్వ, తూము ఎక్కడెక్కడ ఉన్నాయో గ్రామ పటంతో సరిచూసి, నీటిపారుదల శాఖవారి మాట తీసుకోవాలి. సెల్లార్లను పార్కింగుకు ఖాళీ చేయించే పని పెద్ద భవనాలతో మొదలుపెట్టాలి. చిన్న కొట్టువాడితో మొదలుపెట్టి పెద్దవారి దగ్గర ఆగిపోతే ప్రజలకు నమ్మకం ఉండదు.

గ్రామస్థులు చేయవలసిందీ ఉంది. కొడుకు చేత కొట్టు పెట్టించడానికి పట్టణంలో గది అడ్వాన్సు కట్టే తండ్రి మూడు కాగితాలు అడగాలి: మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అవసరమైన భవనమైతే అగ్నిమాపక శాఖ పత్రం. ప్లానులో పార్కింగు అని రాసి ఉన్న చోట కొట్టు అద్దెకు తీసుకొంటే, రేపు తాళం పడేది యజమాని ఇంటికి కాదు, ఆ కొట్టుకే. రహదారి పక్క పొలాన్ని లీజుకిచ్చే రైతు, బోదె పూడ్చరాదన్న మాటను ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి. తన పక్క చేనుకు నీరు నిలిచే కట్టడం లేస్తుంటే గ్రామసభలో పునాదినాడే లేచి అడగాలి. గోడ లేచాక అడిగితే తగవు, గోడ లేవకముందు అడిగితే జాగ్రత్త.