తొక్కితేనే బందరు లడ్డు
ఏ రాష్ట్రానికి ఏ వంట అని దేశమంతటికీ పట్టికలు వేసేవాళ్లు ఆంధ్రా దగ్గరికి వచ్చేసరికి గోంగూర పచ్చడో పులిహోరో రాసి ఊరుకుంటారు. కృష్ణా జిల్లాలో పెదపారుపూడి వైపు వాళ్లకు అది మింగుడుపడదు. గుడివాడ దాటి బందరు వెళ్తే చాలు, ఊరి పేరే ఇంటిపేరైన మిఠాయి ఉంది. బుందేల్‌ఖండ్ నుంచి వలసొచ్చిన బొందిలీలు తెచ్చిన విద్య అంటారు. వచ్చింది ఉత్తరాది నుంచే అయినా ఇక్కడి బెల్లంతో మనదైపోయింది. శనగపిండిని లావుపాటి పూసలా నేతిలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకం కలిపి మళ్లీ రోకలితో తొక్కుతారు. నెయ్యి పోస్తూ తొక్కేకొద్దీ పలుకు పోయి, ముద్ద మెత్తబడి నిగనిగలాడుతుంది. తొక్కుడు లడ్డు అన్న పేరు ఊరికే రాలేదు మరి! 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషమే. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గానీ రోకలి పట్టిన చేతికి కూలి పెంచదు. ఆ చెయ్యి పని మానేసిన రోజున డబ్బా మీద పేరే మిగులుతుంది. బందరు వెళ్తే కొట్లో ఒక్కమాట అడగండి, ఇది తొక్కిందేనా అని. అవునంటే బేరమాడకుండా కొనండి.