బొమ్మ ఇటుకల వ్యోమనౌక: ఆకారం అందరిదీ.. కొలత కొందరిదే

డెన్మార్క్‌కు చెందిన లెగో సంస్థ 2025 అక్టోబరులో 9,023 ముక్కల ‘డెత్ స్టార్’ నమూనాను మార్కెట్లోకి విడుదల చేసింది. ‘స్టార్ వార్స్’ చిత్రాల్లో కనిపించే అంతరిక్ష యుద్ధ కేంద్రానికి ఇది ప్రతిరూపం. అమెరికాలో దీని ధర 999.99 డాలర్లు. మారకపు విలువ ప్రకారం చూస్తే 85 వేల రూపాయలకు పైమాటే. ఆ సంస్థ ఒక్క పెట్టెకు ఇంత ధర నిర్ణయించడం అదే మొదటిసారి. ఆట వస్తువుకు ఇంత ఖరీదా అన్న చర్చ సహజంగానే సాగింది.

అయితే ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. తొమ్మిది వేల ప్లాస్టిక్ ముక్కలు జిగురు చుక్క లేకుండా ఒకదానినొకటి పట్టుకుని నిలబడుతున్నాయంటే, దాని వెనుక ఉన్న సామర్థ్యం ఏమిటి? బొమ్మల తయారీలో ప్రపంచ కేంద్రంగా ఎదగాలని సంకల్పించిన భారత్ ఆ సామర్థ్యాన్ని అందుకోగలదా? బొమ్మ ఇటుకలతో కట్టే భారీ అంతరిక్ష నౌకలను ఈ కోణంలో పరిశీలిస్తే, సుంకాల లెక్కలకు అందని కొన్ని విషయాలు బయటపడతాయి.

338 ముక్కల నుంచి 9 వేలకు..

లెగో సంస్థ అంతరిక్ష ఇతివృత్తంతో ప్రత్యేక శ్రేణిని 1978లో ప్రారంభించింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్’ నౌకలో ఉన్నవి 338 ముక్కలే. సంస్థ 90 ఏళ్ల వేడుకల సందర్భంగా 2022లో అదే నౌకను కొత్త రూపంలో విడుదల చేసినప్పుడు ముక్కల సంఖ్య 1,254కు చేరింది. పిల్లల నేల మీది ఆట క్రమంగా పెద్దల అలమారాలోని అలంకరణగా మారిన తీరుకు ఈ రెండు అంకెలే నిదర్శనం.

ఈ మార్పునకు 1999లో మొదలైన ‘స్టార్ వార్స్’ శ్రేణి ఊపునిచ్చింది. 2000లో పెద్దలను దృష్టిలో ఉంచుకుని సేకర్తల శ్రేణి మొదలైంది. 2007లో ఐదు వేలకు పైగా ముక్కలతో ‘మిలీనియం ఫాల్కన్’ వచ్చింది. 2017లో అదే నౌక 7,541 ముక్కలతో మళ్లీ విడుదలైంది. కల్పిత నౌకలకు సమాంతరంగా వాస్తవ నౌకల నమూనాలూ వచ్చాయి. చంద్రుడి మీదికి మానవుని పంపిన శాటర్న్-5 రాకెట్ నమూనాలో సరిగ్గా 1,969 ముక్కలు ఉంచారు. అపోలో-11 చంద్రుడిపై దిగిన సంవత్సరానికి అది గుర్తు. ఈ నమూనా ఎత్తు సుమారు ఒక మీటరు. అసలు రాకెట్‌తో పోలిస్తే 110వ వంతు.

పెద్దదైన కొద్దీ పెరిగే పరీక్ష

పెట్టెలోని సూచనల పుస్తకాన్ని అనుసరించి ముక్కలు అమర్చడం ఒక ఎత్తు. సొంతంగా భారీ నౌకను రూపొందించడం మరో ఎత్తు. ఇటుకపై కనిపించే గుండ్రటి బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. పొడవులో వంద బొడిపెలకు, అంటే 80 సెంటీమీటర్లకు తగ్గని నౌకలను అభిమానులు ప్రత్యేక వర్గంగా పరిగణిస్తారు. ఏటా సెప్టెంబరులో ఒక్క నెలలోనే అలాంటి నౌకను పూర్తి చేయాలనే ‘షిప్‌టెంబర్’ సవాలు వారిలో ఆనవాయితీగా కొనసాగుతోంది.

ఇల్లు కట్టి చూడమన్న సామెత ఇక్కడా వర్తిస్తుంది. ఆకారాన్ని మార్చకుండా నౌక పొడవును రెట్టింపు చేస్తే బరువు దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. ఆ బరువును మోసే అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. అందుకే చిన్న నమూనాలో నిటారుగా నిలిచిన రెక్క పెద్ద నమూనాలో వేలాడిపోతుంది. దీనికి విరుగుడుగా నిర్మాతలు లోపల రంధ్రాలున్న కడ్డీలను చీలలతో బిగించి అస్థిపంజరం వంటి చట్రాన్ని సిద్ధం చేస్తారు. కంటికి కనిపించే పైపొర ఆ చట్రానికి తగిలించిన తొడుగు మాత్రమే. 2013లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 53 లక్షలకు పైగా ఇటుకలతో ప్రదర్శించిన పూర్తి పరిమాణపు ‘ఎక్స్-వింగ్’ నౌకకైతే లోపల ఉక్కు చట్రమే ఆధారమైంది.

ఇటుకకు బలం లేక కాదు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ ఇంజినీర్లు 2012లో నిర్వహించిన పరీక్షలో నాలుగు బొడిపెల ఇటుక ఒకటి సుమారు 430 కిలోల భారాన్ని తట్టుకున్న తర్వాతే అణిగిపోయింది. ఇటుకలు నలిగిపోయి నౌక కూలడం అరుదు. ఇటుకకూ ఇటుకకూ మధ్య పట్టు సడలినప్పుడే అది విడిపోతుంది. కాబట్టి భారీ నౌక నిజంగా పరీక్షించేది ప్లాస్టిక్ దృఢత్వాన్ని కాదు, కొలతల్లోని కచ్చితత్వాన్ని.

ఆ కచ్చితత్వం ఎందుకు కీలకమో ఒక చిన్న లెక్క చెబుతుంది. వంద బొడిపెల పొడవు రావాలంటే రెండేసి బొడిపెల ఇటుకలు 50 వరుసగా అమర్చాలి. ఒక్కో ఇటుక వద్ద మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తేడా పేరుకుంటూ పోతే చివరికి అది రెండున్నర మిల్లీమీటర్లవుతుంది. పది ముక్కల బొమ్మలో ఈ లోపం ఎవరికీ కనిపించదు. వెయ్యి ముక్కల నౌకలో మాత్రం పలకలు వంకర తిరుగుతాయి, అతుకుల వద్ద సందులు తేలతాయి. లెగో అచ్చుల్లో అనుమతించే తేడా మిల్లీమీటరులో సుమారు నూరో వంతు మాత్రమే.

కొలతల మధ్య ఉన్న పొందిక కూడా అంతే ముఖ్యం. పలుచటి పలక మందం 3.2 మిల్లీమీటర్లు. ఐదు పలకలను పేరిస్తే 16 మిల్లీమీటర్లు. అది సరిగ్గా రెండు బొడిపెల వెడల్పుతో సమానం. ఈ ఒక్క సమీకరణం వల్లనే ఇటుకలను పక్కకు తిప్పి అమర్చినా తిరిగి మిగతా నిర్మాణంలో ఇమిడిపోతాయి. నౌకల ఏటవాలు రెక్కలు, నునుపైన పార్శ్వాలు, ఇంజిన్ల చుట్టూ కనిపించే సూక్ష్మ వివరాలు అన్నీ ఈ పొందిక నుంచి పుట్టినవే. 1958లో తయారైన ఇటుక నేటి ఇటుకకు అతుక్కోవడానికీ ఇదే కారణం.

న్యాయస్థానాలు తేల్చిన హక్కు

అలాంటప్పుడు ఈ ఇటుకను ఇతరులు తయారు చేయకూడదా? చేయవచ్చు. ఆ మాటకొస్తే ఒకదానిపై ఒకటి అమర్చే ప్లాస్టిక్ ఇటుక ఆలోచన డెన్మార్క్‌లో పుట్టింది కాదు. బ్రిటన్‌కు చెందిన కిడ్డీక్రాఫ్ట్ సంస్థ ఇటుకలను నమూనాగా తీసుకునే లెగో 1949లో తొలి ఇటుకలను తయారు చేసింది. 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేసింది ఇటుక అడుగున గొట్టాలు అమర్చే విధానానికి. పట్టు బిగిసింది ఆ గొట్టాల వల్లనే.

ఆ పేటెంట్ల గడువు ఎప్పుడో ముగిసింది. ఆ తర్వాత ఇటుక ఆకారాన్నే వాణిజ్య చిహ్నంగా కాపాడుకోవాలని సంస్థ ప్రయత్నించింది. కెనడా సుప్రీంకోర్టు 2005లో, ఐరోపా న్యాయస్థానం 2010లో ఆ వాదనను తోసిపుచ్చాయి. ఒక వస్తువు పనిచేయడానికి అవసరమైన ఆకారంపై, పేటెంటు గడువు ముగిశాక, వాణిజ్య చిహ్నం పేరుతో శాశ్వత గుత్తాధిపత్యం కుదరదన్నది ఆ తీర్పుల సారాంశం.

ఫలితంగా ఆకారం అందరిదీ అయింది. అయినా మార్కెట్ ఒక్కసారిగా చేతులు మారలేదు. 2024లో లెగో ఆదాయం 74.3 బిలియన్ డానిష్ క్రోనర్లు. పేరు ప్రతిష్ఠలకు, సినిమా ఒప్పందాలకు ఇందులో వాటా ఉన్న మాట నిజం. కానీ దశాబ్దాల తరబడి ఒకే కొలతను నిలబెట్టుకోవడం వల్లనే పాత ముక్క విలువ తగ్గలేదు. కొన్నవారి వద్ద పోగైన ఇటుకలు కొత్త పెట్టెకు పెట్టుబడిగా ఉపయోగపడుతున్నాయి. 2004 ప్రాంతంలో దివాలా అంచుకు చేరినప్పుడు సంస్థ చేసిన పనుల్లో ఒకటి విడిభాగాల రకాలను దాదాపు సగానికి తగ్గించడం. తక్కువ రకాలు, ఎక్కువ కలయికలు అన్న మూలసూత్రానికి తిరిగి రావడమే ఆ చర్య అంతరార్థం.

భారత్ ముందున్న లెక్క

బొమ్మల రంగంలో భారత్ గత ఐదారేళ్లుగా రక్షణ విధానాన్ని అనుసరిస్తోంది. దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ ముద్రను తప్పనిసరి చేసింది. కేంద్రం వెల్లడించిన వివరాల ప్రకారం 2014-15తో పోలిస్తే 2022-23 నాటికి బొమ్మల దిగుమతులు 52 శాతం తగ్గాయి, ఎగుమతులు 239 శాతం పెరిగాయి. దేశాన్ని బొమ్మల తయారీకి ప్రపంచ కేంద్రంగా తీర్చిదిద్దే పథకాన్ని 2025-26 బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు.

ఈ విజయాన్ని తక్కువ చేసి చూడనవసరం లేదు. నాసిరకం రంగులు, పదునైన అంచులు ఉన్న బొమ్మల నుంచి పిల్లలను కాపాడటానికి నాణ్యతా ఉత్తర్వు అవసరమే. కొండపల్లి వంటి భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు అందులో మినహాయింపు ఇవ్వడమూ సమంజసమే. తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికించే కళకు యంత్రపు కొలబద్ద వర్తించదు. అక్కడ అతుకు శాశ్వతం. బొమ్మ ఇటుక స్వభావం అందుకు పూర్తిగా భిన్నం. వేలసార్లు అతికి, వేలసార్లు విడిపోవాలి.

సమస్య ఇక్కడే ఉంది. భద్రతా ప్రమాణం బొమ్మ హాని చేయదని హామీ ఇస్తుంది. ఇవాళ కొన్న ఇటుక ఐదేళ్ల తర్వాత కొన్నదానికి సరిపోతుందని హామీ ఇవ్వదు. సుంకం విదేశీ పెట్టెను ఖరీదైనదిగా మారుస్తుంది. స్వదేశీ అచ్చును కచ్చితమైనదిగా మార్చలేదు. ఈ రెంటి మధ్య నష్టపోయేది మధ్యతరగతి పిల్లవాడు. అందుబాటు ధరలో దొరికేది వదులుగా అతికితే వాడు పది ముక్కల కారు వద్దే ఆగిపోతాడు. వంద బొడిపెల నౌక నేర్పే భారం, సమతుల్యత, ప్రణాళిక అనే పాఠాలు వాడికి అందవు.

అచ్చుల తయారీలో దేశానికి అనుభవం లేదనడానికి వీల్లేదు. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్రీయ పనిముట్ల రూపకల్పన సంస్థ 1968 నుంచి ఈ విద్యలోనే శిక్షణ ఇస్తోంది. శ్రీహరికోట నుంచి నింగికెగిసే రాకెట్ల విడిభాగాలకు మన పరిశ్రమలు అందిస్తున్న కచ్చితత్వం ప్రపంచానికి తెలిసిందే. అంతటి నైపుణ్యం బొమ్మల పరిశ్రమకు చేరకపోవడానికి ప్రధాన కారణం ఆర్థికమైనది. కచ్చితమైన అచ్చుకు పెట్టుబడి ఎక్కువ. ప్రతిఫలం ఏళ్ల తరబడి ఒకే కొలతకు కట్టుబడితేనే తిరిగి వస్తుంది. చిన్న తయారీదారు ఒక్కడే మోయగల భారం కాదది.

కొత్త పథకం ఫలించాలంటే దృష్టి ఈ భారంపైనే ఉండాలి. తయారీదారులు ఉమ్మడిగా వాడుకోగల అచ్చుల కేంద్రాలు, అన్ని స్వదేశీ ఇటుకలూ పరస్పరం అతికేలా స్వచ్ఛంద కొలతల ప్రమాణం, పెట్టెలుగానే కాక విడి ముక్కలుగా తక్కువ ధరకు అమ్మే ఏర్పాటు ఇందుకు తొలి మెట్లు కాగలవు. ఆకారంపై హక్కు కోసం ఎవరినీ అడగనవసరం లేదని న్యాయస్థానాలు ఇప్పటికే తేల్చాయి. ఎగుమతుల శాతాలు పరిశ్రమ పరిమాణాన్ని చెబుతాయి. పరిశ్రమ పరిణతిని తేల్చేది వేరొకటి: అన్న ఆడుకున్న ఇటుక, పదేళ్ల తర్వాత తమ్ముడు కట్టే నౌకలో బిగువుగా కూర్చుంటుందా లేదా అన్నదే.